గోడకు వేసిన సున్నం

మృతులను పేరుపెట్టి పిలిచి లేపే దేవునికి స్తోత్రం.

మనవాళ్ల సమాధులకు సున్నం వేసే సమాధుల పండుగనాడు ఇబ్రహీంపట్నంలో బస్సెక్కితే, పక్క సీటులోని పెద్దావిడ కాళ్ల దగ్గర సున్నపు బకెట్ ఉంది.

"ఎవరి సమాధికి, పెద్దమ్మా?" అన్నాను.

"నా బిడ్డది, కొడుకా. ఎయిర్‌పోర్టు గోడకు అవతల పడ్డది. మొదట్ల అది చిన్న మట్టి రన్‌వే. పెద్దగ చేస్తమని మా సమాధులను లోపలేసుకొని గోడ కట్టిండ్రు."

"మరి సున్నం?"

"ఏటా గోడకే వేస్తున్న. కాపలాయన బయటికి పొమ్మంటడు. బయటనే ఉన్న కదరా అని నేనంట."

గేటు దగ్గర ఆ విమానాశ్రయం చరిత్ర బోర్డు ఉందట. ఖాళీ స్థలంలో పెరిగిందని రాశారట. ఖాళీనా? అక్కడ ఆమె బిడ్డ నిద్రిస్తోంది! నా గుండె ఇంకా మండుతూనే ఉంది.

యెరికో గోడలు కూల్చిన దేవుడు ఆ గోడకు ఒక తలుపైనా పెట్టించాలని, ప్రియులారా, నాతో కలిసి ప్రార్థించండి.