వంతులక్క ఇంట్లో ఎంతమంది

వంతులక్క కేకేస్తే ఆ సందులో కుక్కలు కూడా వరసలో నిలబడతాయి. కుళాయి దగ్గర బిందెలకీ, మరుగుదొడ్డి దగ్గర మనుషులకీ వంతులు వేసేది ఆవిడే. ఇంట్లో నిద్రకీ వంతులే. ఉన్నది ఒక్క గది. అగ్గిపెట్టెలో పుల్లలే అంతకన్నా సుఖంగా ఉంటాయి. రాత్రి తనూ, కూతురూ, అత్తగారూ పడుకుంటారు. తెల్లారి వీళ్ళు లేవగానే, రాత్రి డ్యూటీ దిగొచ్చిన మొగుడూ, ఇద్దరు మరుదులూ అవే చాపల మీద వాలతారు. ఇరవయ్యేళ్ళుగా ఆ చాపల్ని చుట్టిన వాళ్ళు లేరు.

బెంగల్లా అత్తగారి గురించే. ఉబ్బసం మనిషి. పగలంతా కుళాయి పక్క రాయి మీదే కూర్చోవాలి.

"పట్టపగలు ఒక్కసారి నడుం వాల్చే రాత లేదే నాకు" అనేది.

కొత్త మేడల్లో రెండు గదుల ఇళ్ళిస్తారని విన్నప్పటినుంచీ వంతులక్క ప్రాణమంతా వాటి మీదే. అత్తయ్యకో గది.

ఎవరికి ఇల్లివ్వాలో లెక్క రాసుకునే కొలతలాయన టేపు పట్టుకుని పొద్దున పదింటికి వచ్చాడు. వంతులక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"బయటినుంచే కొలుచుకో నాయనా. లోపల నిద్రపోతున్నారు."

"సరేలేమ్మా. రాత్రి ఈ గదిలో ఎంతమంది పడుకుంటారు?"

"ముగ్గురం. కాళ్ళు బార్లా చాపుకుని! నా ఇంట్లో ఒకరి కాలు ఒకరికి తగలదు, కావాలంటే సందంతా అడుగు."

లోపల మూడు గురకలకి కప్పు మీది రేకులు ఎగురుతున్నాయి. ఆయన మూడని రాసుకుని పోయాడు.

"ఆరుగురని చెప్పవేమే, పిచ్చిదానా?" అంది పక్కింటామె.

"అడిగింది రాత్రి సంగతి వదినా. లేనివాళ్ళని ఎక్కడ పడుకోబెట్టను?"

రెండు నెలలకి కుళాయి గోడ మీద జాబితా అంటించారు. గదికి నలుగురికి మించి ఉన్నవాళ్ళకే ఇల్లు. పక్కింటామె పేరుంది. వంతులక్క పేరు లేదు. ఆఫీసుకి పరిగెత్తింది.

"పగలు ఇంకో ముగ్గురు పడుకుంటారు సార్!"

"ఫారంలో పగలు అనే గడి లేదమ్మా" అన్నాడు గుమాస్తా, తల కూడా ఎత్తకుండా.

ఆ చలికాలంలో ఒక పొద్దున అన్నదమ్ములు ముగ్గురూ వచ్చేసరికి ముసలావిడ ఇంకా చాప మీదే ఉంది.

"అత్తయ్యా, లేవండి. మీ వంతు అయిపోయింది" అంటూ వంతులక్క భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మగవాళ్ళు చెప్పులు విప్పబోయి ఆగిపోయారు. కాసేపటికి ముగ్గురూ వెళ్ళి కుళాయి పక్క రాయి మీద కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చినా గది ఆవిడదే.