గ్యాస్ లేని కూలర్లో చల్లటి పాలు

నరసరావుపేటలో నాది ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు. దెయ్యాలూ మహిమలూ అంటే నాకు ఒళ్ళు మంట. దిష్టి తగలకుండా మా అమ్మ బండికి నిమ్మకాయ కడితే, విప్పి మజ్జిగలో పిండుకుని తాగిన రకాన్ని. ఇది చదివి మా బావమరిది నవ్వుతాడు. నవ్వుకోనివ్వండి.

పోయిన వేసవిలో వెల్దుర్తి దగ్గరి ఒక ఊరి నుంచి మేరమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. చుట్టమేం కాదు, అలవాటు కొద్దీ పిన్నీ అంటాను. ఆ ఊరి పాల కేంద్రం నడిపేది ఆమే. ఇళ్ళ నుంచి వచ్చిన గేదె పాలు పెద్ద స్టీలు ట్యాంకులో పోసి చల్లబరిస్తే, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి డెయిరీ ట్యాంకర్ వచ్చి తీసుకెళుతుంది. అప్పటికే ఒకసారి పాలు విరిగి పారబోశారు. ఇంకోసారి విరిగితే కేంద్రం ఎత్తేస్తామని డెయిరీ వాళ్ళు చెప్పి వెళ్ళారు. ఎత్తేస్తే ఆమె బతుకుతెరువు పోతుంది, గేదెలున్న ప్రతి ఇంటికీ దెబ్బే.

"స్విచ్చేస్తే లైటెలిగింది, లోపల రెక్క తిరగతంది. బాగానే ఉందిలే అని అందరి పాలూ పోయించా. తీరా చూస్తే మిషను చప్పుడే లేదు నాయనా," అంది ఏడుపు ఆపుకుంటూ.

నేను వెళ్ళేసరికి ఎండ మండిపోతోంది. గ్యాస్ ఒత్తిడి చూసే గేజి పెడితే ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. గ్యాస్ మొత్తం పోయింది, అందుకే కంప్రెసర్ ఆగిపోయింది. లీకు ఎక్కడుందో చూద్దామని, గ్యాస్ తిరిగే రాగి గొట్టంలోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తూ వచ్చాను. గోడకు బిగించిన క్లాంపు దగ్గర బుడగలు లేచాయి. క్లాంపు విప్పితే పచ్చగా చిలుము, దాని మధ్య సూది మొనంత బెజ్జం. మిగతా గొట్టమంతా తళతళలాడుతోంది. నాకు విషయం అర్థమై కోపం వచ్చింది.

"ఏంది పిన్నీ, గొట్టాన్ని చింతపండేసి తోమావా?"

"వారం వారం తోమతా. రాగి కదయ్యా, నల్లబడితే బాగుంటదా? చానా శుభ్రంగా ఉంచావని డెయిరీ సారు కూడా మెచ్చుకున్నాడు."

ఆ పులుపూ ఉప్పూ క్లాంపు కిందికి చేరి, అక్కడే ఉండిపోయి రాగిని తినేశాయి. ఆ మాట చెబితే ఆమె ముఖం పాలిపోయింది. చూడలేకపోయాను.

పాలు పారబోయమని చెప్పే ముందు ఒకసారి చూద్దామని మూత తీశాను. ట్యాంకు థర్మామీటర్ నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పాడైందనుకుని నాది ముంచాను. అదీ నాలుగే. నమ్మకం కుదరక గ్లాసుతో ముంచుకుని తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి.

ముందురోజు రాత్రి పాలు వెళ్ళాక ట్యాంకు కడిగి ఖాళీగా ఉంచారు. కాబట్టి పాత చల్లదనం మిగిలిందనడానికి లేదు. పొద్దున పోసినవి అప్పుడే పితికిన వెచ్చటి పాలు. ఐసు వేశారేమో అందామంటే, ట్యాంకర్ మనిషి పరీక్ష చేసినప్పుడు చుక్క నీళ్ళు కూడా కలవలేదని తేలింది. కాచి చూశాడు, విరగలేదు. అన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి నేనింకా కొత్త గొట్టం అతికిస్తూనే ఉన్నాను. కొత్త గ్యాస్ సిలిండర్ మూత కూడా తీయలేదు.

ట్యాంకు కడగడానికి చెయ్యి పెట్టిన మేరమ్మ గబుక్కున వెనక్కి లాక్కుంది.

"అబ్బా, కాలిపోతందయ్యా!"

నేనూ ముట్టుకున్నాను. అప్పటిదాకా చల్లటి పాలున్న ట్యాంకు ఎండలో ఉంచిన రేకులా ఉంది.

సాయంత్రం పాల వేళకు మిషను నడిచింది. క్యాన్లతో వచ్చిన ఆడవాళ్ళకు మేరమ్మ జరిగింది చెప్పి, "దేవుడే కాశాడే" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఇంకో రోజైతే వాదన పెట్టుకునేవాణ్ణి. ఆ పూట మనసుకు చానాళ్ళకు హాయిగా అనిపించింది. ఆ పాలను చల్లబరిచింది మిషను కాదని మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. మరి ఏది చల్లబరిచిందంటే, నాకు తెలియదు.