నేను చూసిన పాలాకు

పంచాయతీ ఆఫీసు ముందు వేసిన షామియానా కింద, ఊరంతటి ఎదుట, ఒక ముసలాయన నన్ను వేలెత్తి చూపించి ‘ఈ సారును అడగండి’ అన్నప్పుడు, అవును చూశాను అని నేను చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట నాలోనే ఉండిపోయింది. మొన్న కౌకూర్‌లో ఇల్లు మారుతూ అటక మీది సామాను దించుతుంటే, పాత న్యూస్‌పేపర్ల మడతల్లోంచి అట్టకు కుట్టిన ఎండు మొక్క ఒకటి జారి కాళ్ల దగ్గర పడింది. జానెడు కూడా లేని కాడ, సన్నని ఆకులు, రంగు పోయిన ఒక పువ్వు, రెండు కాయలు. పక్కన తేదీ, శామీర్‌పేట దగ్గరి గుట్ట వాలు అన్న వివరం, చూపించినవారు గొర్రెల కాపరి అన్న మాట, కింద నా సంతకం.

అప్పట్లో నేను కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి. వృక్షశాస్త్రం చదువుకుని, లేఅవుట్లు, ఫ్యాక్టరీలు రాబోయే చోట ఏమేం మొక్కలున్నాయో జాబితా రాసిచ్చే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మేడ్చల్ దాటితే బస్సు కిటికీలోంచి కనిపించేదంతా గడ్డే. ఎండల్లో బూడిద రంగున చచ్చినట్టు పడి ఉండి, నాలుగు వానలు పడగానే నడుము దాకా లేచేది. అలాంటి ఒక వానాకాలం ఆదివారం, నా సరదా కొద్దీ తిరుగుతూ ఆ గుట్ట ఎక్కబోతే, కింద మందతో నిలబడిన కాపరి తాత కేకేశాడు.

“ఓ సారూ, గా వాలు మీద కాలు వెట్టకు! నా గొర్లనే తోలుతలేను, నువ్వేంది తొక్కుతున్నవ్?”

తిట్టినవాడే పైకి వచ్చి, వంగి, గడ్డి విడదీసి ఆ మొక్కను చూపించాడు. వాళ్లింట్లో దాన్ని పాలాకు అంటారట. ఈనిన గొర్రె అది మేస్తే పాలు బాగా దిగుతాయని వాళ్ల అవ్వ నాటి నమ్మకం. అందుకే కాయ పండి, పగిలి, గింజ నేల రాలేదాకా ఆ వాలులోకి మందను వదలడు. ఏటా తొలి వానకు ముళ్లకంప అడ్డం వేసి, దసరా దాటాకే తీస్తాడు. నేను అడిగి ఒక మొక్కను తీసుకెళ్లి పుస్తకాలన్నీ తిరగేశాను. చిక్కుడు కుటుంబానిదే, కానీ ఎక్కడో ఒకటి రెండు చోట్ల తప్ప ఎవరూ చూడని మొక్క. ఆఫీసులో మా పెద్దసారు దాన్ని చాలాసేపు చూసి, జాగ్రత్తగా దాచిపెట్టు అన్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

మరుసటి వేసవికి ఆ గుట్ట లేఅవుట్ కిందికి వచ్చింది. జాబితా పని మాకే వచ్చింది. ఏప్రిల్‌లో పంపారు. ఎండలకు ఆ మొక్క పైకి కనిపించదు, గింజగా మట్టిలో ఉంటుంది. ఆ సంగతి తెలిసే వెళ్లాను. కనిపించింది కనిపించినట్టు రాశాను: ఎండుగడ్డి, తంగేడు, రేగుకంప. మా జాబితాలన్నీ ఎండల్లోనే రాసేవాళ్లం. వాన పడితే జాబితా పెరుగుతుంది, పెరిగితే పని ఇచ్చినవాళ్లు మళ్లీ పిలవరు.

లేఅవుట్ మీద ఊరివాళ్ల మాట వినడానికి పంచాయతీ ముందు సభ పెట్టారు. షామియానా కింద ఆ రిపోర్టు చదవగానే తాత గొంగడి భుజాన వేసుకుని లేచాడు.

“గా వాలు మీద పాలాకున్నది. ఇంకేడ దొర్కది. గంత జాగ ఇడిచిపెట్టుండ్రి, కడమది మీరే తీస్కోండ్రి.”

భూమి అమ్మిన ఆసామి ముందు వరసలోంచి వెనక్కి తిరిగాడు. “గది మేస్తె నీ గొర్లు పాలే ఇస్తయా తాతా, పెరుగు గూడ తోడువెడ్తయా?”

అందరూ పగలబడి నవ్వారు. తాత కదల్లేదు.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి. గీ సారు సూశిండు. కాయితంల వెట్టి కొంటవోయిండు. అడుగుండ్రి.”

పెద్దసారు నా వైపు చూశారు. ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చేస్తామన్నారు; ఇంట్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. లేచి, సర్వేలో మాకు అలాంటి మొక్క కనిపించలేదండీ అన్నాను. అక్షరం అక్షరం నిజం. తాత గొంగడి సర్దుకుని, “గట్లనా సారూ” అని వెళ్లిపోయాడు. వానలకు ముందే బుల్డోజర్లు గుట్టను చదును చేశాయి.

మొన్న ఆ అట్టను సంచిలో పెట్టుకుని వెళ్లాను. గుట్ట ఉన్నచోట పెద్ద గేటు, లోపల ఒకే తీరు ఇళ్లు, ఎక్కడినుంచో తెచ్చి పరిచిన పచ్చిక. బయట చాయ్ బండి దగ్గర, ఒకప్పటి కాపరి తాత ఉన్నాడా అని అడిగాను.

“ఎవలు, పాలాకు తాతనా?” చాయ్ పోసేవాడు నవ్వాడు. “లేని ఆకు నీకు గూడ సూపిస్తనన్నడా ఏంది సారూ?”

ఆనాటి నవ్వు ఆయనకు పేరై అతుక్కుపోయిందని అప్పుడు తెలిసింది.

తాత కూతురింట్లో ఉన్నాడు. చూపు పోయింది. గుట్ట పోయిన మరుసటి ఏడాదే గొర్రెలను అమ్మేశాడని, ఆ పేరు వినలేక బయటికి రావడం మానేశాడని కూతురు చెప్పింది. నేనెవరో చెప్పి, అట్టను ఆయన చేతుల్లో పెట్టాను. వేళ్లు కాడ మీదుగా మెల్లగా వెళ్లి కాయ దగ్గర ఆగాయి.

“కాయ పగల్లేదు,” అన్నాడు. “పండకముందే తెంపినవ్.”

తప్పయింది తాతా అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

“నాకు జెప్తె ఏం ఫాయిదా? ఉండెనని నాకెరుకే గదా. నవ్వినోళ్లకు జెప్పు.”

చేయి పట్టుకుని చాయ్ బండి దాకా నడిపించుకొచ్చాను. ఆనాడు నవ్వినవాళ్లలో సగం మంది లేరు, ఆ ఆసామి గేటు లోపల ఉంటాడట. బల్ల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది అక్కడ గడ్డి నడుము దాకా లేచేదని కూడా ఎరగని వయసువాళ్లు. గుట్టను చూడకపోయినా, తాతను చూసి నవ్వడం మాత్రం పెద్దల దగ్గర నేర్చుకున్నారు. అట్టను వాళ్ల మధ్య పెట్టి, చాయ్ పోసేవాడు గిన్నె దించేదాకా ఆగాను.

“ఈ తాత అబద్ధం చెప్పలేదు. పాలాకు ఇక్కడే ఉండేది. నేను చూశాను, నా చేత్తో తెంపాను, అడిగిన రోజు చెప్పలేదు. తాతా, నన్ను క్షమించు.”