లోపలికే తెరుచుకునే గేట్లు

మా వదిన మున్సిపల్ ఆఫీసులో ఆర్కిటెక్టు. రైలు పట్టాలకు ఇటు మావాళ్ళు, అటు మావాళ్ళతో పడనివాళ్ళు. గొడవల్లో పాత వంతెన తగలబడ్డాక, కొత్తది గీసే పని వదిన మీద పడింది. నిరసనకు వచ్చినవాళ్ళకూ కూర్చునే చోటుండాలని నడిమధ్య వెడల్పాటి అరుగులు పెట్టింది.

వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పేచీ, రాత్రిళ్ళు మూయడానికి రెండు కొసలా పెట్టే గేట్ల దగ్గర వచ్చింది.

"మా వీధిలోకి తెరుచుకుంటే మా మీదికి తోసుకొచ్చినట్టే" అన్నారు మా పెద్దలు. అటు పెద్దలదీ అదే పాట. చివరికి రెండు గేట్లూ వంతెన లోపలికే తెరుచుకునేలా రాజీ కుదిరింది. ఇరుపక్షాలూ చేతులు కలిపింది ఆ ఒక్క విషయంలోనే.

"నువ్వు ఫిజిక్సు చదివావుగా, చెప్పు" అంది వదిన, మా పాపను ఒళ్ళో వేసుకుని. "లోపల జనం వచ్చి మూసిన గేటు మీద పడితే?"

"వెనక్కి లాగే చోటుండదు. ఎంత తోస్తే అంత బిగుస్తుంది."

"నేనూ అదే మొత్తుకున్నాను. 'మీరు మరీ కంగారుపడతారు మేడమ్, పగలు తెరిచే ఉంటాయిగా' అన్నాడు మా ఇంజనీరు."

పాపను అటువైపు బేబీకేర్‌లో దింపడానికి రోజూ ఆ వంతెనే ఎక్కాలి. రెండో గేటు దాటేదాకా నాది పరుగులాంటి నడకే.

అటువాళ్ళ ఊరేగింపు రోజు పొద్దున్నే వదిన వెల్డర్‌ని వెంటబెట్టుకెళ్ళి మా వైపు గేటు కోయించేసింది. రెండోదాని దగ్గర అటువాళ్ళు అడ్డుపడ్డారు.

"మీది పీక్కుని మాదాని మీద పడ్డావా అమ్మా? మీవాళ్ళకి దారి చేస్తున్నావా?"

"నాయనా, ఇది మీరు బయటపడే దారి."

"మా సంగతి మేం చూసుకుంటాంలే, నువ్వు దయచెయ్యి."

మధ్యాహ్నం ఊరేగింపు వంతెన మధ్యకు రాగానే మా వైపునుంచి పోలీసులు లాఠీలతో ఎక్కారు. జనం వెనక్కి పరుగెత్తారు. పోలీసులు తమ వీధిలోకి వస్తారన్న భయంతో అటు ఎవరో గేటు మూశారు. లోపల ఇరుక్కున్నది తమ పిల్లలేనని తెలిశాక బయటినుంచి తోశారు. గేటు కదల్లేదు. ఆరుగురు పోయారు.

మళ్ళీ మీటింగు పెట్టారు. కొడుకును పోగొట్టుకున్న అటువైపు పెద్దాయన వదిన వైపు చూడలేదు.

"మాది బయటికే పెట్టండమ్మా" అన్నాడు.

మావాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "పాపం, వాళ్ళిష్టం. మా వీధిలోకి మాత్రం వీల్లేదు."

వదిన సంతకం పెట్టలేదు. ఇంజనీరు పెట్టాడు.

మా వైపు గేటు మళ్ళీ బిగించారు, లోపలికే తెరుచుకునేలా. పాపను ఎత్తుకుని రోజూ దాన్ని దాటుతున్నాను.