మామా, సత్తి బావ గట్ల వాయించేటోడు కాదు

నిన్న పొద్దుగాల కోరుట్ల బస్టాండ్ల జగిత్యాల బస్ కోసం నిలవడ్డ. సిరిసిల్ల నుంచి చెల్లె ఫోన్.

సత్తి బావ పోయిండట. నిద్రలనే. హార్ట్ ఎటాక్.

మా ఖాందాన్ల సీరియస్ ముచ్చట ఏదైనా నాకు ఆఖరికి చెప్తరు, నవ్వులాట చేస్తనని. "నీకే ముందుగాల చెప్తున్న" అన్నదంటె అబద్ధమే అనుకున్న. "ఒట్టు పెట్టు" అన్న.

అవుతల చెల్లె ఏడుపు ఇనవడ్డది.

కాలేజి ఇడిసిపెట్టి సిరిసిల్ల బస్ ఎక్కిన.

తెల్వనోళ్లకు చెప్త. సత్తి బావ మా మేనత్త కొడుకు. పెండ్లిళ్ల ఆర్కెస్ట్రాల బేస్ గిటార్ వాయించేటోడు. నాకు స్లాప్ నేర్పిన గురువు. స్లాప్ అంటె తీగెను మీటుడు కాదు. బొటనవేలితోని కొట్టుడు, చూపుడువేలితోని గుంజి ఇడుసుడు.

క్లాస్ ఎక్కడనుకున్నరు? బావోల్ల నాయిన, మా మామ, ఆయన పవర్‌లూమ్ సాంచాల షెడ్డుల. ఇంట్ల వాయిస్తె వాడకట్టంత తిట్టేది. షెడ్డుల సాంచాలు బట్ట నేస్తుంటె మా లొల్లి ఎవ్వలికి ఇనవడది. మాకే సగం ఇనవడకపోయేది. ఛాతిల దుమ్ముమని తగిలితె తీగె మోగినట్టు లెక్క.

మొదట్ల నా వేలు తీగెకు అతుక్కపోయేది.

"బామ్మర్దీ, తీగెను కొడుతున్నవా, దోమను సంపుతున్నవా? కాలిన పెంక ముట్టినట్టు ముట్టాలె, గుంజుకోవాలె."

వేలు వాచింది. నేను బ్యాండేజ్ ఫొటో పెట్టి, ఇన్‌స్టా బయోల "బేసిస్ట్" అని రాసుకున్న. గంత మహానుభావున్ని.

టైమింగ్‌కు సాంచాల టకటకనే పట్టుకునేటోన్ని. అది లేకుంట గూడ వాయించుడు నేర్చుకో అని బావ చెప్తనే ఉండె. ఆఁ ఆఁ అంటనే ఉన్న.

నిన్న గల్లీల సాంచాలన్ని బంద్ వెట్టిన్రు. సావైతె బంద్ వెడుతరు గద. ఆ గల్లీని గంత సప్పుడు లేకుంట నేను ఎన్నడు సూడలె.

బావను తీస్కపోయే ముందట మామ అచ్చిండు. బావ గిటార్, చిన్న ఆంప్ తెచ్చి నా ముందట వెట్టిండు. సాంచాల సప్పుడుల కొడుకు వాయించింది ఎన్నడు సక్కగ ఇనలేదట. ఫంక్షన్లకు పోదామంటె పని ఇడిసి పోలేకపోయిండట.

"వాడు ఏం వాయించేటోడో ఒక్కసారి ఇనిపియ్యి అల్లుడా."

మొదలువెట్టిన.

టకటక లేదు. వేలు ఒక దిక్కు, తాళం ఒక దిక్కు. ఆపి మల్ల షురూ చేసిన. గదే కథ. గింత నోరున్నోనికి ఒక్క జోక్ రాలె.

మామ వంగి ఇన్నడు. మెల్లగ అడిగిండు, "గిట్లనేనా వాయించేటోడు?"

నేను తల ఊపిన.

అవునని ఊపిన.

నా ఇజ్జత్ కాపాడుకోనీకె బావ ఇజ్జత్ తీసిన. గది గూడ బావ ముందటనే.

మామ ఫేస్‌బుక్ సూడడు. గందుకే మిమ్మల్ని అడుగుతున్న. మీ పెండ్లిళ్లల్ల బావ వాయించిన వీడియో ఉంటె పంపున్రి. పెండ్లిపిల్ల కనవడకున్న పర్వాలేదు, బేస్ ఇనవడాలె. ఎల్లుండి సాంచాలు మల్ల నడుస్తయి. గంతలోపల పోయి మామకు ఇనిపియ్యాలె. దానికంటె ముందు, నిన్న తల తప్పు ఊపిన అని చెప్పాలె.

పోయిరా బావా. నీ వాయించుడును లొల్లి అని ఎవ్వలు అననికాడ, నిమ్మలంగ ఉండు.