చబ్ చేప నోరు

ఈ రోజు మా ఊరు ఎడిసన్ నుంచి గంట డ్రైవ్ చేసి, రిటైరైన డెంటిస్ట్ మూర్తి అంకుల్‌తో కలిసి చేపలు పట్టడానికి నదికి వెళ్లాను. నా గాలానికి జానెడు చబ్ చేప పడింది. సెల్ఫీ దిగి, పెదవిలోంచి గాలం పీకి, నీళ్లలో వదిలేశాను. కాసేపటికి అది ఒడ్డు దగ్గరే, నీటి అడుగున ఉన్న గులకరాళ్ల కుప్ప దగ్గర కనిపించింది.

"అది దాని గూడు. ఒక్కో రాయీ నోటితో మోసుకొచ్చి కడుతుంది" అన్నారు అంకుల్.

"మరి ఇప్పుడెలా అంకుల్?"

"చూడు."

చిరిగిన పెదవితో రాయి అందుకుంది. జారిపోయింది. మళ్లీ అందుకుంది. జీవితమంతా నోళ్లు చూసిన మనిషి, తల తిప్పుకున్నారు.

సెల్ఫీలో నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను, అందుకే ఇక్కడ పెట్టడం లేదు. ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరికే పెదవి మీదకి పోతోంది. చేపలు పట్టేవాళ్లెవరైనా చెప్పండి, ఇది ఎన్నాళ్లుంటుంది?