కరెంటు పోలేదన్న ఇల్లు

కరెంటు ఎన్నిమార్లు పోతుంది, పోతే ఎంతసేపటికి వస్తుంది, గీ లెక్క చూసుడే నా కొలువు. సబ్‌స్టేషన్ల మీటరు ఉంటది గని, లైను మొత్తం పడిపోతేనే అది రాసుకుంటది. ఏదో గల్లీల తీగ తెగి నాలుగిండ్లు చీకట్ల కూసుంటే దానికి తెల్వది. అందుకే పోయిన ఎండకాలం పెద్దపల్లిల ఇల్లిల్లు తిరిగి అడగమన్నరు. ఎక్కువ పోతుందన్న గల్లీకి ముందుగాల కొత్త కేబులు ఏస్తరట.

శ్రీరాంపూర్ బొగ్గుబాయి క్వార్టర్లల్ల పెరిగినదాన్ని, పెద్దపల్లి గల్లీలు నాకేం ఎరుక? తొవ్వ చూపెడతడని ఆ గల్లీల లైన్‌మన్‌నే ఎంట తీస్కపోయిన. ఏం తెలివి నాది! ఆయన నడీడు మనిషి, కొలువు ఇంకా పర్మినెంటు కాలే. ఆయనను పక్కన నిలబెట్టి కరెంటు ఎట్లుంటదని అడిగితే, ఈయన పని ఎట్లుందని అడిగినట్టే గదా. నాకు తట్టనే లే. ఎవరినడిగినా మంచిగుంటది మేడం అన్నరు. నేను సంబురంగ టిక్కులు పెట్టుకుంట పోయిన.

ఆఖరి ఇంట్ల ఒక ముస్లిం పెద్దామె బట్టలు కుడతది. మోకాళ్లు నొస్తున్నయని మిషనుకు మోటరు పెట్టించుకున్నది. నన్ను కుర్చీల కూసోబెట్టి, కరెంటుకు ఏం ఫికర్ లేదు బిడ్డా, పోనే పోదు అని చెప్తుండంగనే మోటరు ఆగింది. ఫ్యాను మెల్లగ తిరిగి నిలబడ్డది. ముగ్గురం పైకి చూసినం.

"నేనే బంద్ చేసిన," అన్నది.

స్విచ్చుబోర్డు నా తలకాయ ఎనుక ఉన్నది, ఆమె మిషను కాడికెల్లి లేవనే లే. ఆమె మిషను బెల్టు మార్చి, కాళ్లతోని తొక్కుకుంట కుట్టుడు మొదలువెట్టింది. మోకాలు వంచినప్పుడల్లా పండ్లు బిగవట్టి నొప్పి ఓర్సుకుంటున్నది. నాకు తలెత్తబుద్ధి కాలే.

లైన్‌మన్ అది చూసి ఉండలేక, ఆయనే చెప్పిండు.

"పోయిందని చెప్పు ఖాలా. లేకుంటే కేబులు రాదు."

"కేబులు వస్తది. నిన్ను తీసేస్తే? వానల పిలిస్తే ఎవరొస్తరు బేటా?"

అని నా దిక్కు చూసింది. ఆయన గూడ చూసిండు. ఆయనను ఎవ్వరు తియ్యరమ్మా అని నేను ఒక్క మాట అంటే అయిపోతుండె. గని లెక్క ఖరాబున్న ఏరియా లైన్‌మన్లను మా మీటింగులల్ల లేపి నిలబెట్టి అడుగుడు నేను చూసిన. అడిగేటోళ్ల పక్క కుర్చీల నేను గూడ కూసున్న. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని భరోసా ఇయ్యాలె?

"మరి ఏం రాయాలె అమ్మా?" అని ఆమెనే అడిగిన.

"పోలేదని రాయి బిడ్డా," అన్నది, తొక్కుడు ఆపకుండనే.

పోలేదనే రాసిన.